పనివాళ్ల ఖాతాలో రాసే నష్టం

విశాఖపట్నంలో మద్దిలపాలెం కూడలికి దగ్గర్లో మూడేళ్లు నడిచి మూతపడిన ఒక టిఫిన్ హోటల్ యజమానిని కారణం అడిగితే, క్షణం కూడా ఆలోచించకుండా "పనోళ్లు ముంచేశారండీ" అన్నారు. దోసె మాస్టరు చెప్పకుండా మానేశాడట, సప్లయర్లు నెలకొకరు మారారట, కౌంటర్ మీద కూర్చోబెట్టిన కుర్రాడి మీద నమ్మకం పోయిందట. ఆ హోటల్లో తరచూ తిన్నవాణ్ణి కనుక నాకు మరికొన్ని సంగతులు తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికే పిండి దగ్గరకు వచ్చేస్తానని చెప్పిన ఆ మాస్టరే రాత్రి పదింటికీ పెనం ముందు కనబడేవాడు. అదే వీధిలో అప్పటికే నాలుగు టిఫిన్ సెంటర్లు ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీద ఉండాలన్న పట్టుదలతో, రోజువారీ అమ్మకం మోయలేని అద్దెకు ఒప్పుకున్నది యజమానే.

ఆయన అబద్ధం చెప్పారని నేను అనను. పనివాడి తప్పు రోజూ కళ్లముందే జరుగుతుంది. యజమాని తప్పు ఒక్కసారి కాగితం మీద జరిగి, ఆ తర్వాత నెలనెలా మౌనంగా తన పని తాను చేసుకుపోతుంది. పగిలిన గ్లాసు చప్పుడు చేస్తుంది గానీ వడ్డీ చేయదు. అందుకే నష్టానికి కారణం వెతికే చూపు ముందు గ్లాసు పగలగొట్టిన వాడి మీదే ఆగుతుంది. అయితే లాభం వచ్చిన నెలలో ఈ చూపు ఎందుకు పనిచేయదన్నదే నా అభ్యంతరం. అప్పుడు మాస్టరు చేతి రుచి గుర్తుకు రాదు, తన వ్యాపార దక్షతే గుర్తుకు వస్తుంది.

నిందతో ఆగితే కొంత నయం, చాలాచోట్ల అది జీతం కోతగా మారుతోంది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉండి, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ కొనసాగిన నియమం ప్రకారం, జరిమానా ఆ నెల జీతంలో 3 శాతానికి మించకూడదు. పనివాడి సంజాయిషీ వినకుండా వేయకూడదు. 90 రోజులు దాటాక వసూలు చేయకూడదు. వసూలైన సొమ్మును పనివాళ్ల మేలుకే ఖర్చు పెట్టాలి. సరుకు పోయినా, డబ్బు పోయినా, అది అతనికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకో, అతను లెక్క చెప్పవలసిన డబ్బో అయి, నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే పోయినప్పుడు మాత్రమే కోతకు వీలుంది. వ్యాపారం నడవకపోవడం ఈ జాబితాలో ఎక్కడా లేదు.

ఇదే తర్కం పెద్ద ఎత్తున ఎలా నడుస్తుందో చూడాలంటే ఈ నగరంలో ఉక్కు కర్మాగారాన్ని మించిన ఉదాహరణ లేదు. నష్టాల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ చర్చ కార్మికుల సంఖ్య మీదకు, జీతాల మీదకు, ఉత్పాదకత మీదకు మళ్లుతుంది. కానీ సుమారు 28 వేల కోట్ల రూపాయల టర్నోవరుతో 2021-22లో సంస్థ లాభం చూపినప్పుడు పనిచేసింది ఈ కార్మికులే. రెండేళ్లు తిరక్కుండానే నష్టం వేల కోట్లకు చేరింది. అంత తక్కువ వ్యవధిలో వేలమంది ఒక్కసారిగా సోమరులయ్యారని నమ్మడం కష్టం. సొంత ఇనుప గనులు లేకపోవడం, ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొనవలసి రావడం, విస్తరణకు తెచ్చిన అప్పుల మీద వడ్డీ, ముడిసరుకు కొనడానికి డబ్బు లేక 2024లో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులు ఆగడం, వీటిలో ఏ ఒక్కటీ కార్మికులు పనిచేసే షాపుఫ్లోర్ మీద తీసుకున్న నిర్ణయం వల్ల రాలేదు. ఇక్కడ యజమాని కేంద్ర ప్రభుత్వం. 2021 జనవరిలో నూటికి నూరు శాతం వాటా అమ్మకానికి ఆమోదం తెలిపిన ఆ యజమానే, 2025 జనవరిలో సంస్థను నిలబెట్టడానికి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ప్యాకేజీ తర్వాత కూడా స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు, ఒప్పంద కార్మికుల తొలగింపులు వచ్చాయి గానీ, సొంత గని మాత్రం రాలేదు.

పనివాళ్లలో దొంగలు ఉండరా, ఎగవేసేవాళ్లు ఉండరా అంటే, ఉంటారు. అయితే వాళ్లను పనిలో పెట్టుకున్నదీ, లెక్క సరిచూసే పద్ధతి పెట్టనిదీ, పనితనం ఉన్నవాడు జీతం పెంచమంటే రేపు చూద్దామన్నదీ ఎవరు? "అసలు పనివాళ్లే దొరకడం లేదు" అనే మాట గాజువాక ఆటోనగర్ నుంచి పూర్ణా మార్కెట్ దాకా వినబడుతూనే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు మాత్రం ఈ నగరం స్టేషన్ మీదుగానే హైదరాబాద్, చెన్నై రైళ్లలో పనికి వెళ్లిపోతున్నారు.

మద్దిలపాలెం యజమాని ఇప్పుడు కూర్మన్నపాలెం వైపు మరో హోటల్ తెరిచే ప్రయత్నంలో ఉన్నారు. ఈసారి మంచి మాస్టరును చూసి పెట్టమని నన్నూ అడిగారు. అద్దె ఎంతని అడిగాను. పాతదానికంటే కొంచెం ఎక్కువేనట, మెయిన్ రోడ్డు కదా అన్నారు.