రెండు వేల ఆటలు ఆడాను, ఒక్కటీ చూసుకోలేదు

ఏడాదిన్నరలో ఆన్‌లైన్‌లో రెండు వేలకు పైగా చెస్ ఆటలు ఆడాను. రేటింగ్ మాత్రం గానుగెద్దులా 1300 చుట్టూనే తిరిగింది. నేను ఆడే లిచెస్ అనే సైట్లో చేరిన ప్రతివారికీ మొదట 1500 ఇస్తారు. అంటే ఊరికే ఇచ్చిన అంకెను కూడా నిలబెట్టుకోలేకపోయాను.

ఓడిన ప్రతిసారీ ఒక సాకు సిద్ధం. నెట్ ఆగింది, వేలు జారింది, అవతలివాడు కంప్యూటర్ చూసి ఆడుతున్నాడు. (అలా మోసం చేసేవాళ్లు ఉన్నారు, సైట్లు పట్టుకుని ఖాతాలు మూసేస్తుంటాయి కూడా. కానీ నన్ను ఓడించడానికి కంప్యూటర్ ఎందుకండీ?)

దసరా సెలవులకు మా మేనల్లుడు వచ్చాడు, తొమ్మిదో తరగతి. ఓ రాత్రి నా పక్కన కూర్చుని ఆట చూశాడు. నా దగ్గర తెల్ల గడుల్లో తిరిగే శకటు, జీ, హెచ్ వరుసల్లో రెండు బంట్లు. అవతల రాజు, ఒక గుర్రం. గుర్రం చిక్కుతోంది కదా అని జీ బంటును ఇచ్చేసి దాన్ని కొట్టాను. ఇంక ఒంటరి రాజు ఏం చేస్తాడు? ఏమీ చేయలేదు, వెళ్లి నా హెచ్ బంటు మంత్రి కావలసిన హెచ్8 మూలలో కూర్చున్నాడు. ఇరవై ఎత్తులు తిప్పలు పడ్డాను. చివరికి స్టేల్‌మేట్ (రాజుకు షా లేదు, వేయడానికి ఎత్తూ లేదు), ఆట డ్రా.

"ఆ గుర్రాన్ని ఎందుకు కొట్టావు మామయ్యా?"

"ఊరికే వస్తుంటే వదులుతామా?"

"ఆ మూల గడి నల్లది. నీ శకటు తెల్ల గడులది. అక్కణ్నుంచి రాజును ఎవరు కదిలిస్తారు?"

నాకు నోట మాట రాలేదు. పాత ఆటలు తిరగేస్తే అచ్చంగా ఇలాగే గెలుపు చేజారినవి ఇంకో మూడు కనిపించాయి. నేను వాటిని దురదృష్టం ఖాతాలో వేశాను.

నా కోపం నేను ఆడుతూ వచ్చిన బుల్లెట్ (ఒక్కొక్కరికి ఒక్క నిమిషమే ఉండే ఆట) మీద కాదు, దాన్ని సాధన అనుకోవడం మీద. ఒక్క నిమిషం ఆటలో చేయి పాత అలవాటునే పదే పదే చేస్తుంది. కోనేరు హంపి 2019లో, 2024లో మహిళల ర్యాపిడ్ ప్రపంచ విజేత కాలేదా, అదీ వేగమే కదా అని ఒక మిత్రుడు వాదించాడు. నిజమే. కానీ ఆవిడ 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ఆ హోదాకు లెక్కలోకి వచ్చేవి గంటల తరబడి సాగే ఆటలు. వేగం తరువాతి మాట. మనం తోక వైపు నుంచి మొదలుపెడుతున్నాం.

ఇంకో జాడ్యం, సిసిలియన్ అనే ఆరంభంలో పన్నెండు ఎత్తులు బట్టీ పట్టడం. అవతలివాడు నాలుగో ఎత్తుకే దారి మారుస్తాడు.

ఇప్పుడు సాయంత్రానికి ఒకటే ఆట. పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు అదనం. ఓడితే స్టాక్‌ఫిష్ (ఎత్తులను విశ్లేషించే చెస్ ప్రోగ్రామ్) తెరవకముందే, ఎక్కడ ఏమనుకుని ఆ ఎత్తు వేశానో నోట్‌బుక్‌లో రాస్తాను. కంప్యూటర్ సరైన ఎత్తు చూపిస్తుంది. నా బుర్రలో ఆ క్షణాన ఏముందో దానికేం తెలుసు? సగం పేజీల్లో నా చేతిరాతతో ఉన్నది ఒకటే: "అవతలివాడి ఎత్తు చూడలేదు."

నాలుగు నెలలకు రేటింగ్ 1460. ఊరికే ఇచ్చిన అంకెకు ఇంకా నలభై తక్కువ. నిన్న రాత్రి నిద్ర పట్టక రెండు బుల్లెట్ ఆటలు ఆడాను, రెండూ ఓడాను. మేనల్లుడికి చెప్పలేదు.