గనిమీడ్‌ను గ్రహం అనకూడదా?

పరిమాణవాది: బుధుడి వ్యాసం 4,879 కిలోమీటర్లు. గురుగ్రహం చుట్టూ తిరిగే గనిమీడ్ వ్యాసం 5,268. అయినా చిన్నది గ్రహం, పెద్దది ఉపగ్రహం! సూర్యుడి చుట్టూ తిరిగితేనే గ్రహమని అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006లో పెట్టిన షరతు వల్లే కదండీ ఈ అన్యాయం?

కక్ష్యావాది: వ్యాసం ఒక్కటే చూస్తే ఎలా? గనిమీడ్‌లో రాయితో పాటు మంచు ఎక్కువ, బుధుడిలో ఇనుము ఎక్కువ. ద్రవ్యరాశిలో బుధుడిది రెండింతలకు పైమాటే.

పరిమాణవాది: గనిమీడ్‌కు సొంత అయస్కాంత క్షేత్రం ఉందని 1996లో గెలీలియో అంతరిక్ష నౌక కనిపెట్టింది. శుక్రుడికే అది లేదు. శనికి ఉపగ్రహమైన టైటన్‌ను చూడండి, దాని వాతావరణం మన గాలి కన్నా దట్టం. ఇంతటి గోళాలను ఎవరి చుట్టూ తిరుగుతున్నాయన్న ఒక్క కారణంతో రెండో వరుసలో కూర్చోబెడతారా?

కక్ష్యావాది: వాటి గొప్పతనాన్ని నేను కాదనను. కానీ గోళం ఎలా బతుకుతుందో తేల్చేది కక్ష్యే. మన చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు, గురుడి ఉపగ్రహం అయోది 3,643. దాదాపు ఒకే సైజు, రెండూ రాతి గోళాలే. చంద్రుడు ఎప్పుడో చల్లారిపోయాడు. అయో మీద మాత్రం వందల అగ్నిపర్వతాలు మండుతున్నాయి. ఎందుకంటారు? గనిమీడ్ గురుడి చుట్టూ ఒక చుట్టు తిరిగేలోగా గురుడి మరో ఉపగ్రహం యూరోపా రెండు, అయో నాలుగు తిరుగుతాయి. ఆ లంకె వల్ల అయో కక్ష్య గుండ్రం కాలేదు. గురుడికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వెళ్తూ ఆ గోళం నలిగిపోతుంది. ఆ ఒరిపిడి నుంచే ఆ వేడి.

పరిమాణవాది: సరే, కక్ష్యనే నమ్ముదాం. చంద్రుణ్ణి భూమి కన్నా సూర్యుడే రెండింతల బలంతో లాగుతున్నాడు. సూర్యుడి చుట్టూ చంద్రుడి దారి గీసి చూడండి, అది ఎక్కడా మెలి తిరగదు, ఎప్పుడూ సూర్యుడి వైపే వంగి ఉంటుంది. మీ లెక్కన చంద్రుడూ గ్రహమే!

కక్ష్యావాది: భూమి, చంద్రుడు కలిసి తిరిగే కేంద్రం భూమి లోపలే ఉంది, భూకేంద్రానికి సుమారు 4,670 కిలోమీటర్ల దూరంలో. అందుకే చంద్రుడు ఉపగ్రహం.

పరిమాణవాది: చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. చాలా దూరం పోతే ఆ కేంద్రం భూమి బయటికి వస్తుంది. అప్పుడు ఒక్క రాయి కూడా మారకుండానే చంద్రుడి హోదా మారిపోతుందా?

కక్ష్యావాది: మారనివ్వండి. చంద్రుడు అంత దూరం పోతే ఇక్కడ సముద్రాల పోటు కూడా తగ్గిపోతుంది. యూరోపాతో లంకె తెగితే అయో అగ్నిపర్వతాలూ చల్లారతాయి. కక్ష్యతో ఇంత మారుతుంటే పేరు మాత్రం ఎందుకు మారకూడదు?