సముద్రం అక్షయపాత్ర కాదు

ఒక సందేశం ఫోన్లలో తెగ చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇది: 'భూమి మీద 71 శాతం సముద్రమే. అందులో తరగనన్ని చేపలున్నాయి, కావలసినంత నీరుంది, రెండు కోట్ల టన్నుల బంగారం కరిగి ఉంది. పైగా అది ఎవరి సొత్తూ కాదు. అయినా మనిషి ఆకలి, దాహం, పేదరికం అంటూ ఏడుస్తున్నాడు.' ఇందులో 71 శాతం అన్న అంకె నిజమే. చిక్కంతా విస్తీర్ణాన్ని చూసి సంపదను లెక్కగట్టడంలో ఉంది.

'చేపలు తరగవు' అన్నది పాత మాటే. 1883లో లండన్ మత్స్య ప్రదర్శనలో థామస్ హక్స్‌లీ అంతటి జీవశాస్త్రవేత్త కూడా కాడ్ వంటి చేపల వేటకు బహుశా అంతమే ఉండదన్నాడు. 1992లో న్యూఫౌండ్లాండ్ తీరంలో కాడ్ దాదాపు తుడిచిపెట్టుకుపోయి, కెనడా ప్రభుత్వం వేటనే నిలిపివేసింది. ముప్పై వేల మందికి పైగా ఉపాధి పోయింది.

అసలు నీరున్న చోటల్లా చేపలుండవు. సముద్రంలో ఆహారం మొదలయ్యేది కంటికి ఆనని వృక్షప్లవకాలతో, అంటే నీటిలో తేలుతూ మొక్కల్లా వెలుతురుతో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవులతో. వాటికి వెలుతురూ కావాలి, పోషకాలూ కావాలి. వెలుతురు చాలినంతగా అందేది మహా అయితే పై 200 మీటర్ల వరకే. నైట్రేట్లు, ఫాస్ఫేట్లేమో చచ్చిన జీవుల వెంట అడుక్కి దిగిపోతాయి. పైన వెచ్చని తేలిక నీరు, కింద చల్లని బరువైన నీరు. ఈ రెండూ ఓ పట్టాన కలవవు. దక్షిణ పసిఫిక్ నడిమధ్యన నీరు అంత ముదురు నీలంగా మెరవడానికి కారణం అందులో ప్రాణం పలచగా ఉండడమే. ఫొటోల్లో ముచ్చటగొలిపే ఆ నీలం నిజానికి ఎడారి రంగు.

పెరూ తీరానికి వస్తే కథ మారిపోతుంది. అక్కడ దక్షిణం నుంచి గాలి తీరం వెంబడే వీస్తుంది. భూభ్రమణం వల్ల పై నీరు ఆ గాలికి ఎడమవైపు, అంటే నడిసముద్రం వైపు, జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి పోషకాలున్న చల్లని నీరు ఎగదన్నుకొస్తుంది. ప్లవకాలు పెరుగుతాయి, వాటిని తిని యాంకోవీ చేపలు లెక్కకు మిక్కిలిగా పెరుగుతాయి. తీరాల వెంట ఇలా నీరు పైకుబికే పెద్ద ప్రాంతాలన్నీ కలిపినా సముద్ర విస్తీర్ణంలో రెండు శాతం లోపే. ప్రపంచ సముద్ర చేపల వేటలో సుమారు ఐదో వంతు మాత్రం అక్కడి నుంచే వస్తుంది. అదీ స్థిరం కాదు. 1970లో కోటీ ఇరవై లక్షల టన్నులు దాటిన పెరూ యాంకోవీ వేట, అతివేటకు 1972 ఎల్ నినో (ఆ తీరంలో పై నీరు వేడెక్కి, అడుగు పోషకాలు పైకి రాకుండా పోయే పరిస్థితి) తోడవడంతో ఒక్కసారిగా కుప్పకూలింది.

నీటి సంగతి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. దాన్ని వేరుచేయాలంటే వాతావరణ పీడనానికి దాదాపు 60 రెట్ల ఒత్తిడితో నీటిని పొరల గుండా నెట్టాలి. వెయ్యి లీటర్ల మంచినీటికి మూడు నాలుగు యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. యంత్రాలు ఎంత మెరుగుపడినా ఒక యూనిట్ కంటే పెద్దగా తగ్గదు, అది భౌతికశాస్త్రం గీసిన గీత. తీరనగరాల తాగునీటికి ఇది గిట్టుబాటు కావచ్చు, గల్ఫ్ దేశాలు బతుకుతున్నది దీని మీదే. కిలో ధాన్యం పండించడానికే వెయ్యి లీటర్లకు పైగా నీరు కావాలి కనుక సేద్యానికి మాత్రం ఈ లెక్క కుదరదు. మిగిలిపోయే చిక్కటి ఉప్పునీటిని ఎక్కడ పారబోయాలన్నది వేరే తలనొప్పి.

బంగారం ఆశ నోబెల్ గ్రహీత ఫ్రిట్జ్ హేబర్‌నే పట్టుకుంది. మొదటి ప్రపంచయుద్ధ పరిహారం చెల్లించడానికి జర్మనీకి సముద్రపు బంగారం అక్కరకొస్తుందని 1920లలో ఆయన ఏళ్ల తరబడి నీటి నమూనాలు పరీక్షించి, చివరికి వదిలేశాడు. అట్లాంటిక్ నీటిలో పది కోట్ల టన్నులకు ఉండేది ఒక్క గ్రాము. అన్ని సముద్రాలకూ అదే లెక్క వేసినా దాదాపు 14 వేల టన్నులే తేలుతుంది. మనిషి ఇప్పటికే నేల నుంచి తవ్విన బంగారం రెండు లక్షల టన్నుల పైమాటే!

ఇక 'ఎవరి సొత్తూ కాదు' అన్నది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా, చేపల మీదా ఖనిజాల మీదా తీరదేశానిదే హక్కు. చేపలు దండిగా దొరికే చోట్లు ఎక్కువగా ఆ గీతకు లోపలే ఉన్నాయి. దేశాల పరిధి దాటిన సముద్రగర్భ ఖనిజాలు మానవాళి ఉమ్మడి వారసత్వం. వాటిని తవ్వాలన్నా జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ అనుమతి తీసుకోవాలని ఆ చట్టమే చెబుతోంది.