బల్బు మెత్తబడితే పంపు పోయినట్టేనా?

ఒడిశాలోని గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోన్‌పూర్ ఒడ్డున తెలుగు తెప్పల వాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: “టూ స్ట్రోక్ ఓబీఎం (బోటు వెనక తగిలించే ఇంజిన్) ఫుల్ స్పీడులో ముక్కి ఆగిపోతే ఫ్యూయల్ పంపు పోయినట్టే, కొత్తది వేయండి. బల్బు (పెట్రోలు పైపులో చేత్తో నొక్కే రబ్బరు బుడ్డ) మెత్తగా ఉంటే అదీ మార్చండి. అందాకా చోక్ (ఇంజిన్‌లోకి గాలి తగ్గించే మీట) లాగి నడపండి, ఆయిల్ కాస్త ఎక్కువ కలపండి, జెట్‌లో (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న బెజ్జంలో) తీగ పెట్టి పొడవండి. తప్పంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుదే.” ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఇదే వరసలో పాటిస్తే పంపు డబ్బుతో పాటు పిస్టన్ కూడా పోతుంది.

పంపు సంగతి తర్వాత, ముందు ట్యాంకు మూత చూడండి. దాని మీద గాలి స్క్రూ ఉంటుంది. కెరటాలు దాటేటప్పుడు ఉప్పునీళ్లు పడకుండా దాన్ని బిగిస్తారు, దాటాక తిప్పడం మరిచిపోతారు. పెట్రోలు పోయినంత గాలి లోపలికి రాకపోతే ట్యాంకులో వాక్యూమ్ పుడుతుంది, పంపు ఎంత లాగినా రాదు. ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలికి చోటు తక్కువ కాబట్టి ఇంకా త్వరగా ఆగుతుంది. గుర్తు ఏమిటంటే, కొంతసేపు బాగా నడిచి ఆగుతుంది, కాసేపటికి మళ్లీ స్టార్టవుతుంది, మళ్లీ అంతే. ఆగిన వెంటనే మూత వదులు చేయండి. ‘బుస్’మని గాలి లాగిందంటే పంపుకి ఏ రోగమూ లేదు.

బల్బు మాట ఇంకా పెద్ద తప్పు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బల్బు కాస్త మెత్తబడటం మామూలే. చూడాల్సింది అది ఏ రకంగా మెత్తబడిందన్నది. పూర్తిగా నొక్కుకుపోయి అతుక్కుపోతే అడ్డు ట్యాంకు వైపుంది: గాలి స్క్రూ, లోపలి జల్లెడ, మడతపడ్డ పైపు. ఇంజిన్ ఆపి, బాణం గుర్తు పైకి ఉండేలా పట్టుకుని ఎంత నొక్కినా గట్టిపడకపోతే మూడింట్లో ఒకటి: ట్యాంకు వైపు గాలి పీలుస్తోంది, లేదా బల్బులో వాల్వు పోయింది, లేదా కార్బొరేటర్ నిండగానే పెట్రోలుని ఆపాల్సిన ఫ్లోట్ నీడిల్ సరిగా మూయక పెట్రోలు పొర్లుతోంది. గట్టిగానే ఉండి ఇంజిన్ ముక్కితే అడ్డు బల్బు దాటాక ఉంది.

గాలి పీల్చే చోటు కంటికి దొరకదు. నడుస్తున్నప్పుడు ట్యాంకు నుంచి పంపు దాకా పైపులో ఉండేది లాగుడు. అందుకే పెట్రోలు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కనెక్టర్‌లో అరిగిన ఓ-రింగు (రబ్బరు చుట్టు), తుప్పుపట్టి వదులైన క్లిప్పు చాలు. అందుకే మూత చూశాక మొదట చేయాల్సిన పరీక్ష, పక్క బోటు ట్యాంకునీ పైపునీ కలిపి మీ ఇంజిన్‌కి తగిలించి నడపడం. బాగా నడిస్తే ఇంజిన్ జోలికే వెళ్లక్కర్లేదు.

అప్పటికీ ముక్కుతుంటే, ముక్కుతున్న క్షణంలో బల్బు నొక్కుతూ ఉండండి. కోలుకుంటే ఇక పంపుని అనుమానించవచ్చు. అప్పుడు కూడా పంపంతా కాదు. విప్పి డయాఫ్రంని (పంపులో ఊగే పల్చటి పొరని) వెలుగుకి పట్టి చూడండి. బెజ్జం పడినా, బిరుసెక్కినా డయాఫ్రం, గ్యాస్కెట్ల కిట్టు సరిపోతుంది. బెజ్జం పడితే పెట్రోలు క్రాంక్‌కేసులోకి (పిస్టన్ కింది గదిలోకి) పోయి ప్లగ్గు తడిసిపోతుంది, పొగ ఎక్కువవుతుంది.

చోక్ లాగడం పరీక్షే గాని మందు కాదు. లాగగానే కోలుకుంటే పెట్రోలు అందడం లేదని తేలింది, అంతే. ఆ తర్వాత ఫుల్ స్పీడు వద్దు, నెమ్మదిగా ఒడ్డుకి రండి. ఆయిల్ పెట్రోలులో కలిపి పోసే ఇంజిన్‌కి పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే; సిలిండర్లో పిస్టన్ పట్టేసేది ఇలాగే. మరి ఆయిల్ ఎక్కువ కలిపితే? అదే డబ్బాలో పెట్రోలు వాటా తగ్గి, ఇంజిన్‌లో గాలితో కలిసే పెట్రోలు ఇంకా తక్కువవుతుంది, ప్లగ్గు మసిబారుతుంది. 50:1 అని మాన్యువల్‌లో ఉంటే 10 లీటర్లకి 200 మిల్లీలీటర్లు. కొలిచి పోయండి, కంటి లెక్క వద్దు.

జెట్‌లో తీగ పెట్టొద్దు. ఇత్తడి మెత్తన, బెజ్జం పెద్దదవుతుంది. కార్బ్ క్లీనర్ కొట్టి, గాలి పెట్టి, వెలుగుకి ఎత్తి చూస్తే చాలు.

ఈ20 మీద నింద సగం న్యాయమే. పాత పైపు లోపలి పొర ఉబ్బి ఊడి, తలుపులా అడ్డం పడుతుంది; బయటికి పైపు బాగానే కనిపిస్తుంది. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది, నీరు ఎక్కువైతే పెట్రోలుని వదిలి నీటితో పాటు అడుగుకి దిగుతుంది. ట్యాంకులో పైపు లాగేది ఆ అడుగు నుంచే. రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్లని కాపాడటానికి నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట ఆపుతారు, అన్నాళ్లు ట్యాంకులో నిలవున్న పెట్రోలుని నమ్మొద్దు. బీడీ, స్టవ్వు దగ్గర లేకుండా చూసుకుని, కార్బొరేటర్ అడుగు స్క్రూ విప్పి అందులోని పెట్రోలుని గాజు సీసాలోకి దింపి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున గీత కనిపిస్తే రెండు చుక్కల నీళ్లు వేయండి. అవి దిగి ఆ పొరలో కలిసిపోయాయంటే అది నీళ్లే. అలాంటప్పుడు కార్బొరేటర్‌తో పాటు ట్యాంకు, పైపు, ఫిల్టరు అన్నీ ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోయాలి.