ఆడియాన్ ఎవరిది?

ఆడియాన్ అనే రేడియో బల్బు తెచ్చిన అమెరికన్ లీ డి ఫారెస్ట్ తనను తాను రేడియో పితామహుడినని చెప్పుకునేవాడు. నన్నడిగితే ఆయన ఖాతాలో వేయాల్సింది ఆ బల్బులోని ఒక్క వంకర తీగ. చిన్న విషయమనుకోకండి, ట్రాన్సిస్టర్ వచ్చేదాకా ఎలక్ట్రానిక్స్ అంతా దాని మీదే నడిచింది. కానీ ఆ తీగ లోపల ఏం చేస్తోందో ఆయనకే సరిగ్గా తెలీదు, గొడవంతా అక్కడే.

1904లో ఇంగ్లండ్‌లో ఫ్లెమింగ్ అనే ఇంజినీరు చేసిన వాల్వులో, అంటే గాజు బల్బులో, ఉన్నవి రెండే: వేడెక్కే ఫిలమెంటు, దానికి ఎదురుగా ప్లేటు. కరెంటు ఒకవైపే పోతుంది కాబట్టి రేడియో సిగ్నల్‌ను పట్టుకోవడానికి పనికొచ్చింది, పెంచడానికి కాదు. డి ఫారెస్ట్ ఆ రెండింటి మధ్య మెలికలు తిప్పిన తీగ పెట్టి 1908లో పేటెంట్ తెచ్చుకున్నాడు. ఆ తీగ పేరు గ్రిడ్. దాని మీద వోల్టేజీ కాస్త మారితే చాలు, ప్లేటుకు చేరే కరెంటు బాగా మారుతుంది, అంటే సిగ్నల్‌ను పెంచొచ్చు. అదే ఆడియాన్.

అయితే బల్బులో కాస్త గ్యాస్ ఉండాల్సిందేనని ఆయన నమ్మకం. దాంతో ఒక ఆడియాన్ పనిచేసినట్టు ఇంకోటి చేసేది కాదు, బ్యాటరీ వోల్టేజీ కొంచెం ఎక్కువైతే లోపల నీలం వెలుగొచ్చి మొత్తం చెడేది. ఆ గ్యాస్‌ను పూర్తిగా లాగేయాలని తేల్చినవాళ్లు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో లాంగ్‌మ్యూర్, వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఆర్నాల్డ్. 1915లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా ఫోన్లో మాట వినిపించిందంటే అలా బాగుచేసిన వాల్వుల పుణ్యమే.

పాపం, డి ఫారెస్ట్‌ని అప్పట్లో తక్కువేమీ ఏడిపించలేదు. కంపెనీ షేర్ల విషయంలో మోసం చేశాడని 1913లో కోర్టుకీడ్చి, ఆ బల్బు దేనికీ పనికిరాదని వాదించారు (ఆయన బయటపడ్డాడు, సహచరులిద్దరికి శిక్ష పడింది). అదే ఏడాది అమెరికా ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ ఆ బల్బును టెలిఫోన్లలో వాడే హక్కుల కోసం 50,000 డాలర్లిచ్చింది! 1916లో ఇంకో తమాషా: ఫ్లెమింగ్ పేటెంట్ ఉన్న మార్కోనీ కంపెనీ గ్రిడ్ వాడకూడదు, డి ఫారెస్ట్ అసలు వాల్వే చేయకూడదు అని కోర్టు చెప్పింది. తాళం ఒకరి దగ్గర, చెవి ఇంకొకరి దగ్గర.

ఈలోగా కొలంబియా యూనివర్సిటీ కుర్రాడు ఆర్మ్‌స్ట్రాంగ్ 1912లోనే ప్లేటు దగ్గరి సిగ్నల్లో కొంత మళ్లీ గ్రిడ్‌కు పంపి దాని బలం ఎన్నో రెట్లు పెంచాడు, ఎందుకు పెరుగుతోందో కొలిచి మరీ వివరించాడు. ఆ పద్ధతి ముందు కనిపెట్టింది నేనేనని డి ఫారెస్ట్ అనడంతో దాని మీద ఏళ్ల తరబడి కేసు నడిచి, చివరికి 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్‌కే ఓటేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ పనికి తనకొచ్చిన మెడల్ వెనక్కివ్వబోతే, రేడియో ఇంజినీర్ల సంస్థ తీసుకోనంది. నేనూ ఇంజినీర్ల పక్షమే.