నాలుగు వందల శాతం బావ

మా బావ ఆర్థిక శాస్త్రానికి చేసిన సేవను నెల్లూరు ఇంకా గుర్తించలేదు. వీఆర్సీ సెంటర్లో ఓ విగ్రహానికి చోటు చూడమని కార్పొరేషన్‌కు అర్జీ పెట్టుకునే ముందు, ఆయన సిద్ధాంతాలను పాఠకుల ముందుంచడం నా ధర్మం.

మొదటిది పోయినేడు పుట్టింది. ఒక కంపెనీ లాభంలోంచి వాటాదారులకు పంచే డివిడెండ్ 400 శాతమని ప్రకటించిందని పేపర్లో చూసి, కాఫీ కూడా తాగకుండా మా ఇంటికొచ్చాడు.

"అబ్బయా, రూపాయికి నాలుగు రూపాయలంట! బ్యాంకోడు నూటికి ఏడు ఇచ్చేదానికే ఏడస్తా ఉండాడు."

రూపాయికి నాలుగు రూపాయలన్నది నిజమే. అది ఏ రూపాయన్నదే చిక్కు. డివిడెండ్ శాతం కట్టేది ముఖ విలువ మీద, అంటే కంపెనీ షేరుకు కాగితం మీద పెట్టుకున్న విలువ మీద. ఆ షేరు ముఖ విలువ 1 రూపాయి, బజారు ధర 800. బావ 40,000 పోసి 50 షేర్లు కొన్నాడు. చేతికొచ్చింది 200. నూటికి అర్ధ రూపాయి. పైగా ఎక్స్ డేట్ నాడు, అంటే ఆ రోజు నుంచి కొన్నవాళ్లకు ఆ డివిడెండ్ రాదన్న రోజున, షేరు 9 రూపాయలు దిగింది. కంపెనీ పెట్టెలోంచి డబ్బు బయటికొచ్చాక షేరు ఆ మేరకు తగ్గడం న్యాయమే కదా బావా అన్నాను. "నాలుగు సరే, మిగతా అయిదు యాడికి పోయినాయి?" అని నన్నే నిలదీశాడు, నా జేబు వైపు చూస్తా.

ఆ 200 మీద పన్ను పడుతుందేమోనని నాలుగు రాత్రులు నిద్ర లేదు. 2020 మార్చి దాకా కంపెనీయే పన్ను కట్టి మిగిలింది పంచేది. ఇప్పుడు డివిడెండ్ మన ఆదాయంలో కలుస్తుంది; ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10,000 దాటితే నూటికి పది ముందే కోసుకుంటారు. 2025 ఏప్రిల్‌కు ముందు ఆ గీత 5,000 దగ్గరే ఉండేది. ఈ ముక్కలు చెప్పించుకోడానికి ఆడిటరుకు 300 ఫీజిచ్చాడు. ఇంక మిగిలిందెంత అని మా అక్క అడిగింది. బావ టీవీ పెట్టుకున్నాడు.

రెండో సిద్ధాంతం మరీ లోతు. ముఖ విలువతో పని లేదని తేలాక ఈల్డ్ పట్టుకున్నాడు. ఏడాది డివిడెండ్‌ను ఇవాళ్టి ధరతో భాగించి నూటితో గుణించడమే, లెక్కలో తప్పు లేదు. ఫోన్లో కంపెనీలన్నిటినీ ఈల్డ్ వరసన పేర్చి, అన్నిటికన్నా పైనున్న 14 శాతం దాన్ని పట్టేశాడు. ధర 100, డివిడెండ్ 14.

ఏడాది కిందట ఆ ధర 300. ఆ పద్నాలుగులో 10 రూపాయలు ఫ్యాక్టరీ స్థలం అమ్మి ఒక్కసారికి పంచిన సొమ్ము. అంతకు ముందు వరసగా 6, 6, 5, 5 ఇచ్చి, ఈసారి మామూలుగా ఇచ్చింది 4. ఇదంతా అదే ఫోన్లో, రెండు వేళ్ల కింద ఉంది. చరిత్ర చదివేది గ్రూప్ పరీక్షలకే అని బావ అభిప్రాయం.

మా అక్క షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా మొహం ఎరగదు. కోవూరు దగ్గర తన మాగాణికి ఏ ఏడు ఎకరాకు ఎన్ని పుట్లు కౌలొచ్చిందో మాత్రం నోటికి చెబుతుంది. మా పుట్టంటే 850 కిలోలు, కాబట్టి నోరు జారితే నష్టం పెద్దది. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు కౌలుదారుకు ఎంత వదిలేసిందీ గుర్తే. అప్పుడెవరన్నా వచ్చి "ఇసక మేటేసి నీ చేను ధర సగమైంది, పాత కౌలుతో లెక్కేస్తే రాబడి రెట్టింపైందమ్మా" అనుంటే, చీపురు తిరగేసి ఉండేది. స్థలం అమ్మిన పది రూపాయల సంగతి విని ఒకటే అడిగింది.

"నిమ్మచెట్లు కొట్టేసి కట్టెలమ్మిన ఏడు జూసి తోట కొంటారా ఎవురన్నా?"

అక్కకు విగ్రహం పెట్టించే ఉద్దేశం నాకు లేదు. ఆమెకు సిద్ధాంతాలు లేవు.

నిన్న రాత్రి బావ మళ్లీ వచ్చాడు. పెళ్లి శుభలేఖ వెనక నాలుగు కంపెనీల పేర్లు రాసుకొచ్చాడు. "మూడోది జూడు. ఎల్లుండి ఎక్స్ డేటు, రేపు కొన్నా చాలంట. మీ అక్కకు చెప్పబాక."

నేను కేవలం పరిశీలకుణ్ణి. ఇరవై షేర్లే వేసుకున్నాను.