ఆ నీళ్లలో ఏం కలిపారు?

చిత్తూరు జిల్లా పల్లెల్లో తెల్లవారకముందే క్యాన్ పట్టుకుని పాలకేంద్రం ముందు నిలబడ్డ రైతు దగ్గర ఎవరూ మొహమాటపడరు. చిన్న గరిటెడు పాలు మిషన్‌లో పోస్తారు. వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చీటీ మీద పడతాయి. తేడా వస్తే రేటు అక్కడికక్కడే తెగుతుంది. నాలుగు లీటర్ల పాలకు ఇంత నిఘా ఉన్న ఈ నేలమీదే గత వారం ఒక ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్ హాల్లో గాజు సీసాలోంచి లేచిన బుడగలను చూసి సభ మొత్తం చప్పట్లు కొట్టింది. సీసాలో తెల్లటి పొడి, పైన పెద్ద ల్యాంపు, పక్కన మెల్లగా ఉబ్బుతున్న బెలూన్. వెనక బ్యానర్ మీద ‘నీటి నుంచి హైడ్రోజన్, పొగ నుంచి ఇంధనం’. వేదిక మీదున్న ప్రజాప్రతినిధి గానీ, శాలువా కప్పించుకున్న ముఖ్య అతిథి గానీ, ముందు వరసలో కూర్చున్న మా విలేకరి గానీ అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ నీళ్లలో ఏం కలిపారు?

మా డెస్క్ అడిగింది, కానీ ఆలస్యంగా. జిల్లా పేజీలో నాలుగు కాలాల ఫోటో వచ్చేశాక, మర్నాడు. కాలేజీ నుంచి జవాబు చాలా మామూలుగా వచ్చింది: ‘కొంచెం మిథనాల్ సార్. అందురూ కలిపేదే గదా.’ మిథనాల్ అంటే ఒక రకం ఆల్కహాల్. నిజమే, అందరూ కలుపుతారు. ప్రెస్ నోట్‌లో మాత్రం ఎవరూ రాయరు. బ్యానర్ మీద అసలే రాయరు. మేమూ రాయలేదు. ఈ తప్పులో మా వాటా మాకుంది.

ఆ ‘కొంచెం’ ఎంత పెద్ద తేడానో చెప్పాలి. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద కాంతి పడితే నీరు విడిపోతుందని చూపించారు. గోడ పెయింట్‌లో, ముఖానికి రాసుకునే సన్‌స్క్రీన్‌లో ఉండే తెల్లపొడే అది. కాంతి తగలగానే ఆ ఆక్సైడ్‌లో ఒక ఎలక్ట్రాన్ పైకి ఎగురుతుంది, కింద ఖాళీ మిగులుతుంది. ఎగిరిన ఎలక్ట్రాన్ నీటి నుంచి హైడ్రోజన్ తీస్తుంది. ఆ పని కొంత సులువు. మిగిలిన ఖాళీ అదే నీటి నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని ఆక్సిజన్ విడుదల చేయాలి. ఒక్క ఆక్సిజన్ అణువుకు నాలుగు ఎలక్ట్రాన్లు కావాలి. యాభై ఏళ్లుగా ప్రపంచమంతా తల బద్దలు కొట్టుకుంటున్నది ఇక్కడే. మిథనాల్ పోస్తే ఈ కష్టం ఉండదు. అది తన ఎలక్ట్రాన్లను తానే ఇచ్చేసి ఖర్చయిపోతుంది. ల్యాబ్ భాషలో దాన్ని శాక్రిఫిషియల్ ఏజెంట్ అంటారు, మన భాషలో బలిపశువు. బుడగలు బాగానే వస్తాయి, బెలూన్ ఉబ్బుతుంది. కానీ అక్కడ విడిపోయింది నీరు కాదు, కాలిపోయింది మిథనాల్. పైగా మిథనాల్‌ను ఎక్కువగా సహజ వాయువు నుంచో బొగ్గు నుంచో తయారు చేస్తారు. శిలాజ ఇంధనం నుంచి వచ్చిన ద్రవాన్ని ఖర్చు పెట్టి హైడ్రోజన్ తీసి, దానికి ‘గ్రీన్’ అని పేరు పెట్టారన్నమాట.

ఈ మాట తేల్చడానికి కోట్ల పరికరాలు అక్కర్లేదు. నీరే విడిపోతే రెండు పాళ్ల హైడ్రోజన్‌కు ఒక పాలు ఆక్సిజన్ రావాలి, హైస్కూల్లో చదివిందే. ఆక్సిజన్ కొలిచారా? ఎంత వచ్చింది? ఆ అంకె నోట్‌లో లేకపోతే ‘నీటి విభజన’ అనే మాట కూడా ఉండకూడదు.

ఇలా నిలదీస్తే పిల్లల ఉత్సాహం చచ్చిపోతుందని, సగం చర్యను విడిగా పరిశీలించడం పరిశోధనలో మామూలేనని వాదించేవారున్నారు. నిజమే, పరిశీలించండి. కానీ సగం చేసి, మొత్తం చేశామని బ్యానర్ కట్టడం మామూలు కాదు.

‘పొగ నుంచి ఇంధనం’ సంగతి ఇంకా దారుణం. కార్బన్ డయాక్సైడ్‌ను మీథేన్‌గానో కార్బన్ మోనాక్సైడ్‌గానో మార్చామని చెప్పుకునే ప్రయోగాల్లో వచ్చే సరుకు ఎంత స్వల్పమంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడమే పెద్ద పని. పొడి తయారీలో వాడిన సేంద్రియ ద్రావకాల మడ్డి దాని ఒంటికి అంటుకునే ఉంటుంది. వెలుతురు పడితే ఆ మడ్డి కూడా వాయువుగా మారుతుంది. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు కార్బన్-13 అనే బరువైన కార్బన్ ఐసోటోప్‌తో పరీక్షించి, రాగి కలిపిన టైటానియం డయాక్సైడ్ మీద పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌లో ఇలాంటి పాత మడ్డికి పాత్ర ఉందని బయటపెట్టారు. కార్బన్-13 ఖరీదైనదంటారు. పోనీ, కార్బన్ డయాక్సైడ్ బదులు కార్బనే లేని ఆర్గాన్ వాయువు నింపి అదే ప్రయోగం మళ్లీ చేయొచ్చు కదా? ఆర్గాన్ సిలిండర్ తిరుపతిలో ఏ పెద్ద వెల్డింగ్ షాపులో అడిగినా దొరుకుతుంది. కార్బన్ డయాక్సైడ్ లేకుండానే మీథేన్ వస్తే అది పొగ నుంచి వచ్చింది కాదు, పొడి మురికి నుంచి వచ్చింది.

పోనీ, అంతా నిజమే అనుకుందాం. గ్రాము పొడికి గంటకు 10 మైక్రోమోళ్ల మీథేన్ అనేది ఈ రంగంలో తరచూ కనిపించే స్థాయి అంకె. వినడానికి ఏదో గొప్పగానే ఉంటుంది. బరువులోకి మారిస్తే 160 మైక్రోగ్రాములు. కిలో పొడి పరిచి, రోజూ 8 గంటలు మంచి వెలుతురు పట్టిస్తే దినానికి గ్రామున్నర కూడా రాదు. మన వంటింటి గ్యాస్ బండలో పట్టే 14.2 కిలోల బరువు మీథేన్ కూడబెట్టాలంటే 30 ఏళ్లు పడుతుంది. బండ బుక్ చేసిన తాత మనవడి పెళ్లికి వంట మొదలుపెట్టాలి. ఈ లెక్క వేయడానికి ఇంటర్ కెమిస్ట్రీ చాలు. సభలో పీహెచ్‌డీలు డజనుకు తక్కువ లేరు.

నిజాయితీగా చెబితే ఎలా ఉంటుందో కూడా చూద్దాం. టోక్యో యూనివర్సిటీకి చెందిన దోమెన్ బృందం అల్యూమినియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్‌తో 2020లో ఒక ఫలితం ప్రకటించింది. 350 నుంచి 360 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో దాదాపు 96 శాతం ఫోటాన్లు (కాంతి కణాలు) పనిలో పడ్డాయి. మన కాలేజీల్లో ఎవరికైనా ఆ అంకె వస్తే ఊరంతా ఫ్లెక్సీలు లేచేవి. కానీ సూర్యకాంతిలో అతినీలలోహితం నాలుగైదు శాతమే. ఆ సంగతి వాళ్లు దాచలేదు. ఇదే తరహా పొడిని ఒక్కోటి 625 చదరపు సెంటీమీటర్లున్న 1,600 పలకల మీద పరిచి, 100 చదరపు మీటర్ల మేర ఆరుబయట నెలల తరబడి నడిపి 2021లో వివరాలు అచ్చేశారు. మిథనాల్ లేదు, ఉత్త నీళ్లే. కలిసి వచ్చే హైడ్రోజన్, ఆక్సిజన్ పేలుడు మిశ్రమం కాబట్టి కావాలనే నిప్పంటించి మరీ భద్రత పరీక్షించారు. చివరికి సూర్యరశ్మిలో ఎంత శక్తి హైడ్రోజన్‌గా మారింది? అత్యధికంగా 0.76 శాతం. ఒక్క శాతం కూడా లేదని ఒప్పుకుంటూ అచ్చేసిన ఆ అంకెకే లోకం దండం పెట్టింది. ఇంటి మీది సోలార్ పలకకు, కరెంటుతో నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్ తగిలిస్తే పది శాతం దాటుతుందని తెలిసీ పెట్టింది. ఎందుకంటే ఆ 0.76 మీద నిలబడి రేపు 1 అనొచ్చు, ఎల్లుండి 5 అనొచ్చు. మిథనాల్ బుడగల మీద నిలబడి ఏమీ అనలేం.

మా భయం ఈ ఒక్క కాలేజీ గురించి కాదు. ఇది ఆనవాయితీ అయిపోతుందని. జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలు ఆమోదించింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల లక్ష్యం పెట్టుకుంది. రాష్ట్రం కూడా హైడ్రోజన్ పాటే పాడుతోంది. డబ్బున్న చోటికి ప్రెస్ నోట్లు వస్తాయి, అందులో వింతేం లేదు. ర్యాంకింగ్‌కు పేపర్ల లెక్క కావాలి, పేపర్లకు అంకెలు కావాలి, అంకెలకు మిథనాల్ కావాలి. ఇవాళ ఈ కాలేజీకి శాలువా కప్పితే రేపు పక్క కాలేజీ ‘కొంచెం’ ఇంకొంచెం పోస్తుంది, బెలూన్ ఇంకా పెద్దదవుతుంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, ఐజర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది. తిరుపతిలో 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. ఇంత చదువు పోగైన చోట ఏ మూలో ఒక విద్యార్థిని ఆర్గాన్ నింపి, ఖాళీ ప్రయోగం చేసి, వచ్చిన మీథేన్ మురికిదేనని తేల్చి, తన మూడేళ్ల పనిని తానే కొట్టేసుకుని ఉండొచ్చు. ఆమెకు శాలువా లేదు, ఫోటో లేదు, వచ్చే ఏడాది ఫెలోషిప్పూ అనుమానమే. నిజం చెప్పినందుకు నష్టం, దాచినందుకు సన్మానం అయితే ఎవరు ఏ దారి పడతారో చెప్పక్కర్లేదు.

సరిహద్దుకు అవతల తమిళనాడులో 1996లో మూలికలతో పెట్రోల్ అంటూ ఒక ఆట నడిచింది. పెద్దపెద్దవాళ్లు నమ్మారు, పత్రికలు నెత్తిన పెట్టుకున్నాయి. అది పచ్చి మోసం. ఇది ఆ కోవలోది కాదు, సగం నిజం దాచడం. కానీ చప్పట్లు కొట్టే అలవాటు మాత్రం రెండింటికీ ఒకటే. నెయ్యిలో ఏం కలిసిందంటూ ల్యాబ్ రిపోర్టులను టీ బంకుల్లో కూర్చుని చీల్చి చెండాడిన జనం మనం. మైక్ పట్టుకుని ఎవరో ‘సైన్స్’ అనగానే నోరెందుకు పడిపోతోంది?

కాబట్టి కాలేజీల పీఆర్వోలకు ఒక మాట. ఇకమీదట హైడ్రోజన్ అనో, పొగ నుంచి ఇంధనమనో మాకు నోట్ పంపేటప్పుడు నాలుగు సంగతులు రాసి పంపండి. నీళ్లలో ఏం కలిపారు, ఆక్సిజన్ ఎంత వచ్చింది, ఆర్గాన్‌తో చేస్తే ఏమైంది, వెలుతురు ఎండదా ల్యాంపుదా. ఈ నాలుగూ లేని నోట్ మా పేజీలో రాదు, బెలూన్ ఎంత పెద్దదైనా సరే. ఇక శాలువాలు కప్పే పెద్దలకు: సెమినార్ హాల్‌కు వెళ్లే ముందు ఒక్క పూట దారిలోని పాలకేంద్రం దగ్గర ఆగి, పదో తరగతి చదివిన అక్కడి సెక్రటరీ ఎలా పరీక్ష చేస్తాడో చూసి వెళ్లండి.